పాత పెట్రోలు బండ్లు: నిప్పురవ్వ పుట్టు విధము, లోపమును కనుగొను విధము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల శిబిరములో మోటారు బండిని గూర్చి మాటలాడుటకు వచ్చినాడేమని మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ప్రచారాధికారి యనగా పారిశుద్ధ్యమును గూర్చియో, పొదుపును గూర్చియో చెప్పుట పరిపాటి. అయినను ఈ విషయమును ఎన్నుకొనుటకు నాకు రెండు కారణములు కలవు. పాత పెట్రోలు జీపులు, అంబాసిడర్లు, ఫియట్ కార్లు మన పల్లెలలో అక్కడక్కడ ఇప్పటికిని తిరుగుచున్నవి. వాని మరమ్మతు తెలిసిన మేస్త్రీలు నానాటికి తగ్గిపోవుచున్నారు. ఇది మొదటి కారణము. రెండవది మా యింట జరిగిన ఒక సంగతి. దానిని ముందు మనవి చేసెదను.

మా యింటి జీపు

1952 అక్టోబరు 2వ తేదీన దేశములో సమాజ వికాస పథకము ప్రారంభమైనది. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ సమితులు ఏర్పడినవి. ఆ కాలమున బ్లాకు అధికారి రాక యనగా జీపు రాకయే. బొంబాయిలో మహీంద్రా వారు కూర్చిన విల్లీస్ నమూనా పెట్రోలు జీపులు మన మట్టిదారులన్నింటిని త్రొక్కినవి. వానిలో కొన్ని కాలక్రమమున వేలములకు వచ్చి గ్రామస్థుల యిండ్లకు చేరినవి. అట్టి జీపు నొకదానిని మా నాయనగారు వేలములో కొనిరి. వారప్పుడు ప్రకాశం జిల్లాలోని మా గ్రామమునకు సర్పంచు.

1996వ సంవత్సరము, వర్షాకాలము. నాకు పదునాలుగేండ్లు. ఒక రాత్రి మా వీధిలోని గర్భిణికి నొప్పులు వచ్చినవి. ఆసుపత్రి 22 కిలోమీటర్ల దూరమున నున్నది. మేము మామ అని పిలుచుకొను డ్రైవరు, ఆమెను, ఆమె అత్తగారిని, ఒక మంత్రసానిని ఎక్కించుకొని బయలుదేరెను. తొమ్మిది కిలోమీటర్లు పోయిన పిమ్మట బండి ఒక్కసారిగా ఆగిపోయెను. అతడు చేయి నొచ్చునంతవరకు హాండిల్ త్రిప్పినను ఫలితము లేకపోయెను. లాంతరు వెలుతురులో, ఆ జీపులోనే బిడ్డ పుట్టెను. భగవంతుని దయవలన తల్లికి బిడ్డకు ప్రాణాపాయము తప్పినది.

మరునాటి ఉదయము అదే జీపు ఒక్క త్రిప్పుతో బయలుదేరెను. అంతకు ముందును రెండు సార్లు ఇట్లే జరిగియుండుటచే కొత్త బాటరీ, కొత్త కాయిల్ వేయించియుంటిమి. రాత్రి కదలని బండి తెల్లవారగానే ఎట్లు కదలెనని పెద్దలు ప్రశ్నించిరి. డ్రైవరు పెట్రోలు తీసి అమ్ముకొనుచున్నాడని ఒకరు, రాత్రిపూట పోవుటకు ఇష్టము లేక ఆపివేసినాడని మరియొకరు అనిరి. రచ్చబండ యొద్ద నలుగురి ఎదుట మా నాయనగారు అతనిని పనిలోనుండి తీసివేసిరి. అతడు ఒక్కమాట మాత్రము చెప్పెను: "అయ్యా, బండి వేడెక్కినప్పుడు చూడండి. చల్లారినాక చూసి నన్ను దొంగంటే నేనేం చెప్పేది?"

ఆ మాటలోనే అసలు కారణము ఇమిడియున్నది. కాని దానిని అర్థము చేసికొనగలవారు ఆనాడు రచ్చబండ యొద్ద ఒక్కరును లేరు. కథను ఇక్కడ ఆపి, ఆ బండిలో నిప్పురవ్వ ఎట్లు పుట్టునో చెప్పెదను.

నిప్పురవ్వ పుట్టు విధము

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులో అదుమబడును. సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ పడినచో ఆ మిశ్రమము మండి పిస్టనును క్రిందకు నెట్టును. ఆ రవ్వను పుట్టించు ఏర్పాటునే ఇగ్నిషను అందురు. డీజిలు ఇంజనులో ఈ ఏర్పాటు లేదు. అందు గాలి మిక్కిలి గట్టిగా అదుమబడి, ఆ వేడికే డీజిలు మండును. నేడు పల్లెలలోని జీపులు, ట్రాక్టర్లు దాదాపుగా డీజిలువే గనుక నేను చెప్పునది వానికి వర్తింపదని మొదటనే మనవి చేయుచున్నాను.

పాయింట్లు, కాయిల్ కలిగిన ఈ పద్ధతిని అమెరికా దేశీయుడగు చార్లెస్ కెటరింగ్ రూపొందించెను. 1910 నాటి కాడిలాక్ కార్లలో అది ప్రవేశించినది. ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చువరకు, ఇంచుమించు అరువది యేండ్లకు పైగా, లోకములోని పెట్రోలు కార్లలో అధిక భాగము దీనిపైననే నడచినవి.

బాటరీలో నున్నది 12 వోల్టులు మాత్రమే. తొలినాటి జీపులలో 6 వోల్టులే. ప్లగ్గు కొసల మధ్య నున్న సందును దాటి రవ్వ దుముకవలెనన్న పది వేల వోల్టులకు తక్కువ కాని శక్తి కావలెను. ఆరు వోల్టులు పది వేలగుట ఎట్లు?

మీకందరకు తెలిసిన దృష్టాంతము చెప్పెదను. గొట్టములో నీరు వడిగా పారుచుండగా తలుపును ఒక్కసారిగా మూసినచో నీరు ఢీకొని గొట్టము అదరును. మెల్లగా మూసినచో ఏమియు జరుగదు. పారునప్పుడు లేని వత్తిడి, ఆపినప్పుడు పుట్టినది. కాయిల్ చేయు పనియు ఇట్టిదే. అందు ఇనుప రేకుల కట్టపై రెండు తీగచుట్టలు కలవు. ఒకటి కొన్ని వందల చుట్లు గల లావు తీగ; రెండవది వేలకొలది చుట్లు గల సన్నని తీగ. బాటరీ విద్యుత్తు లావు తీగలో పారునప్పుడు అయస్కాంత శక్తి పుట్టును. ఆ ప్రవాహమును చటుక్కున తెంచినచో అయస్కాంత శక్తి కూలిపోయి, సన్నని తీగలో వేలకొలది వోల్టులను పుట్టించును.

ప్రవాహమును తెంచునవి పాయింట్లు. ఇవి డిస్ట్రిబ్యూటరు లోపల నుండు రెండు చిన్న లోహపు మొనలు. నడుమ తిరుగు నాలుగు పలకల కడ్డీ వానిని విడదీయుచు, కలుపుచు నుండును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు పాయింట్లు 6000 సార్లు, అనగా క్షణమునకు నూరు సార్లు తెరచుకొనును. వాని శ్రమ ఎంతటిదో ఊహింపుడు.

పాయింట్లు విడిపోవునప్పుడు ప్రవాహము వెంటనే ఆగక, వాని మధ్యనే మెరపుగా దాటుటకు ప్రయత్నించును. అట్లయినచో మూత మెల్లగా పడినట్లగును. పైగా పాయింట్లు కాలిపోవును. దీనిని నివారించుటకు పాయింట్ల ప్రక్కన బొటనవ్రేలంత లోహపు గొట్టమొకటి బిగింపబడియుండును. అదియే కండెన్సరు. కాలువ పొంగు నీటిని ప్రక్క గుంట లోనికి తీసికొనునట్లు, ఇది ఆ పొంగును తనలోనికి తీసికొని ప్రవాహము చటుక్కున తెగునట్లు చేయును. బండిలోని చవుక వస్తువులలో ఇది యొకటి. ఇది చెడినచో మిగిలిన వెంత కొత్తవైనను రవ్వ బలహీనమగును.

ఇక పుట్టిన శక్తిని వంతుల ప్రకారము పంచవలెను. చెరువు క్రింద నీరుగంటి ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టవలెనో చూచునట్లు, డిస్ట్రిబ్యూటరులోని రోటరు ఒక్కొక్క ప్లగ్గునకు దాని వంతు వచ్చినప్పుడు రవ్వ నందించును. జీపులోను, పెట్రోలు అంబాసిడరులోను ఈ వంతు 1, 3, 4, 2 అను వరుసలో నడచును. ప్లగ్గు తీగలు తారుమారైనచో ఇంజను దగ్గుచు, ఎదురు ప్రేలుచు మొరాయించును. కావున తీగలు విప్పుటకు ముందు వానికి గుర్తులు పెట్టుకొనవలెను.

లోపమును వెదకు క్రమము

బండి ఆగినంతనే స్పానరు పట్టుకొనరాదు. ముందు ఆగిన తీరును స్మరింపవలెను. దగ్గి, తడబడి, క్రమముగా ఆగినచో సామాన్యముగా పెట్రోలు అందకపోవుట కారణము. దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో సామాన్యముగా ఇగ్నిషను లోపము. పెట్రోలు కార్బురేటరునకు చేరుచున్నదని తెలిసికొన్న తరువాత క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను.

మొదటిది, బాటరీ. హారను గట్టిగా మ్రోగుచున్నదా? దీపములు కాంతివంతముగా వెలుగుచున్నవా? కొసలపై తెల్లని, పచ్చని పూత పేరుకొన్నచో శుభ్రము చేసి బిగింపవలెను. ఛాసిస్‌కు పోవు ఎర్త్ పట్టీ వదులుగా నున్నచో బాటరీ కొత్తదైనను నిష్ప్రయోజనము. కొన్ని పాత బండ్లలో పాజిటివ్ కొసయే ఎర్త్ చేయబడియుండును. బాటరీ మార్చునప్పుడు ఈ సంగతి మరువరాదు.

రెండవది, నడిమి తీగ పరీక్ష. ఇదియే అన్నింటికంటె ముఖ్యము. కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటరు మూత నడుమకు వచ్చు లావు తీగను మూతనుండి ఊడదీసి, పొడి కొయ్య పట్టుకారుతో పట్టుకొని, కొసను ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున నుంచవలెను. ఇగ్నిషను తాళము వేసి వేరొకరు ఇంజనును త్రిప్పవలెను. నీలివర్ణపు రవ్వ టపటప మ్రోగుచు దుమికినచో బాటరీ, కాయిల్, పాయింట్లు, కండెన్సరు సరిగా నున్నవి. లోపము మూతలోనో, రోటరులోనో, ప్లగ్గులలోనో కలదు. రవ్వ రాకున్నను, సన్నగా పసుపుపచ్చగా వచ్చినను లోపము వెనుకవైపు కలదు. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగము తగ్గినది. పెట్రోలు కారుచున్నచోట, పెట్రోలు వాసన గట్టిగా వచ్చుచోట ఈ పరీక్షను ఎంతమాత్రము చేయరాదు.

మూడవది, లోపము వెనుకవైపున నున్నప్పుడు చేయు దీపపు పరీక్ష. బాటరీ వోల్టులకు తగిన చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి, ఒక తీగను ఇంజను ఇనుమునకు ఆనింపుడు. రెండవదానిని, తాళము వేసియుంచి, కాయిల్‌పై తాళమునుండి తీగ వచ్చు కొసకు తాకింపుడు. దీపము వెలుగనిచో తాళములోనో, అచ్చటివరకు వచ్చు తీగలోనో లోపము కలదు. వెలిగినచో, కాయిల్‌పై డిస్ట్రిబ్యూటరునకు తీగ పోవు రెండవ కొసకు తాకించి ఇంజనును మెల్లగా త్రిప్పుడు. పాయింట్లు తెరచుకొన్నప్పుడు దీపము వెలిగి, మూసికొన్నప్పుడు ఆరవలెను. ఎల్లప్పుడు వెలుగుచునే యున్నచో పాయింట్లు కలియుటలేదు. లేదా వానిపై నూనె, మసి పేరుకొన్నది. ఎన్నడును వెలుగనిచో డిస్ట్రిబ్యూటరునకు పోవు తీగను కాయిల్ నుండి విప్పి మరల తాకింపుడు. ఇప్పుడు వెలిగినచో డిస్ట్రిబ్యూటరు వైపున షార్టు కలదు; అప్పటికిని వెలుగనిచో కాయిల్ లోపలి తీగ తెగినది.

నాల్గవది, పాయింట్ల సందు. నడిమి కడ్డీ మొన పాయింట్లను పూర్తిగా తెరచియుంచినప్పుడు ఫీలరు గేజితో కొలువవలెను. అంగుళమును వేయి భాగములు చేసినచో జీపునకు అందు 20 భాగములు, పెట్రోలు అంబాసిడరునకు 14 మొదలు 16 భాగములు ఉండవలెను. మేస్త్రీలు దీనినే ఇన్ని థౌ అందురు. ప్లగ్గు సందు జీపునకు 30, అంబాసిడరునకు 25. కడ్డీని రాచుకొను గట్టి అట్టవంటి మడమ అరుగుటచే పాయింట్ల సందు తగ్గుచుండును గనుక అప్పుడప్పుడు సరిచూడవలెను. సందు మారినచో రవ్వ పడు సమయమును మారును.

ఐదవది, ముందువైపు లోపములు. వానలో ఆగిన బండికి తరచు ఒకటే కారణము: మూత లోపల చెమ్మ. పొడిగుడ్డతో మూత లోపలివైపును, తీగలను తుడిచినచో చాలును. మూతలో వెంట్రుకవంటి పగులు, నల్లని గీత కనబడినచో మూతను మార్చవలెను. ప్లగ్గులు మీకు ఇంజను ఆరోగ్యమును చెప్పును. మొన లేత గోధుమ రంగులో నున్నచో క్షేమము. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది. నూనెతో తడిసినచో ఇంజను అరిగినది.

మరి రెండు హెచ్చరికలు. ఇంజను ఆపియుంచి తాళము మాత్రము వేసి వదలరాదు. పాయింట్లు కలిసియున్న స్థితిలో ఆగినచో విద్యుత్తు ఎడతెగక పారి కాయిల్ కాలిపోవచ్చును. హాండిల్ త్రిప్పునప్పుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచి పైకి లాగవలెను, క్రిందకు నొక్కరాదు. రవ్వ ముందుగా పడినచో హాండిల్ ఎదురుతన్ని మణికట్టు విరుగగలదు.

మామకు జరిగిన న్యాయము

ఇప్పుడు కథకు వచ్చెదను. డ్రైవరును తీసివేసిన రెండు వారములకు మా నాయనగారు పట్టణమునుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించిరి. కొత్త డ్రైవరు చేతిలోను బండి రెండుసార్లు ఆగుటయే అందుకు కారణము. మేస్త్రీ యింటి ముందు నిలిచియున్న బండిని ముట్టలేదు. "ఆగని బండిని చూసి ఏం లాభం? ఆగేదాకా తోలండి" అనెను. నేనును వెంట పోయితిని. ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల యొద్ద జీపు ఆగెను.

అతడు వెంటనే నడిమి తీగ ఊడదీసి చూచెను. రవ్వ సన్నగా, పసుపుపచ్చగా నుండెను. మూత తీసి ఇంజను త్రిప్పించెను. పాయింట్ల మధ్య పెద్ద మెరపు కనబడెను; మొనలు నల్లగా కాలియుండెను. "కాయిల్ మార్చారు, బాటరీ మార్చారు. మార్చవలసింది ఇది" అని కండెన్సరును చూపెను. చల్లగా నున్నప్పుడు అది పనిచేయును. ఇంజను వేడి తగిలి కొంతసేపైన పిదప విఫలమగును. చల్లారినచో మరల పనిచేయును. జేబులోని వేరొక కండెన్సరును బిగించి, పాయింట్లను సన్నని ఆకురాయితో శుభ్రపరచి, సందు సరిచేసెను. రవ్వ నీలముగా దుమికెను. ఆ దినము జీపు నలుబది కిలోమీటర్లు ఆగక తిరిగెను.

మా నాయనగారు ఆ సాయంకాలమే నడచి డ్రైవరు ఇంటికి పోయిరి. మరునాడు అదే రచ్చబండ యొద్దకు అతనిని పిలిపించి, అదే పెద్దల యెదుట, "తప్పు నాదిరా. పరీక్ష చేయకుండా తీర్పు చెప్పినాను" అనిరి. అతడు తలవంచుకొని వినెను గాని వెంటనే పనిలోనికి రాలేదు. వారము దినములకు వచ్చెను. ఆ కాలిన కండెన్సరును మా నాయనగారు పంచాయతీ ముద్ర ఉంచు సొరుగులో, పదవీకాలము ముగియువరకు అట్లే ఉంచుకొనిరి.

మీకు నా మనవి

సోదరులారా! కాలము మారినది. 15 సంవత్సరములు నిండిన ప్రభుత్వ, పంచాయతీ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరింపబడుట లేదు. కావున పాత జీపు ఇకమీదట ప్రైవేటు వ్యక్తుల సొత్తుగానే ఉండగలదు. గర్భిణులను, రోగులను తీసికొనిపోవుటకు దానిపై ఆధారపడవలదు. 2005లో మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనమును పిలువుడు. అయినను పంపుసెట్టు కానిండు, ట్రాక్టరు కానిండు, వీధిదీపములు కానిండు, మరమ్మతు బిల్లులు మీ యెదుటకు వచ్చుచునే యుండును. అప్పుడు ఈ నాలుగు నియమములను పాటింపుడు.

ఒకటి: ఏ పరీక్ష చేసి ఈ భాగము చెడినదని తేల్చితిరని అడుగుడు. రెండు: మార్చిన పాత భాగమును తెచ్చి చూపుమనుడు. మూడు: యంత్రము ఎప్పుడు, ఎంత దూరము లేక ఎంతసేపు నడచిన పిదప, వేడిలోనా, వానలోనా ఆగినదో ఒక పుస్తకములో వ్రాయింపుడు, మా జీపునకు అట్టి పుస్తకము ఉండియున్నచో మూడు మారులును తొమ్మిది కిలోమీటర్ల యొద్దనే ఆగినదని మాకు ముందే తెలిసియుండెడిది. నాలుగు: యంత్రమును నడుపువాడు చెప్పు మాటను చివరివరకు వినుడు. దానితో దినమంతయు గడుపువాడతడే.

యంత్రములోని లోపమునకు విడిభాగము దొరకును. తొందరపాటు తీర్పువలన పోయిన మనిషి పరువునకు అంగడిలో విడిభాగము దొరకదు. తీర్పు చెప్పు బాధ్యత మీ భుజములపై నున్నది గనుక ఈ మాట ప్రత్యేకముగా మీకు మనవి చేసితిని.